ఆఫీసు కుర్చీ వదిలి పోలీసు ఉద్యోగంలోకి వెళ్లాలా? రాజీనామా రాసే ముందు తేల్చుకోవలసినవి

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని విసిగిపోయినవాళ్లకి పోలీసు ఉద్యోగం మీద మనసు పోవడం సహజం. కదలిక ఉంటుంది, మనుషులు ఉంటారు, చేసిన పని కళ్లకి కనిపిస్తుంది. ఈ ఆశలో తప్పేమీ లేదు. కాకపోతే బల్లా కాగితమూ అక్కడికీ వెంట వస్తాయి. చిన్న కొట్లాట ఆపి వచ్చిన పోలీసు, ఆ సంగతిని రాతలో పెట్టడానికి చాలాసార్లు కొట్లాట దగ్గర గడిపిన దానికంటే ఎక్కువ సేపు కూర్చోవలసి వస్తుంది. నిజంగా మారేవి రెండు. మీ సమయం మీ చేతిలో ఉండదు. మీరు కలిసే మనుషుల్లో చాలామంది అప్పటికి తమ బతుకులోని అతి చెడ్డ గంటలో ఉంటారు.

ఈ రెండింటినీ తట్టుకోగలరో లేదో ఇప్పటి ఉద్యోగం చేసుకుంటూనే పరీక్షించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. కింద ఉన్న వరస మార్చకండి. మనం మార్చలేని విషయాలు ముందు వస్తాయి, డబ్బూ ఉద్యోగమూ పణంగా పెట్టేవి చివర వస్తాయి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, కోచింగుకి డబ్బు కట్టి ఏడాది చదివాక వైద్య పరీక్షలో ఆగిపోతారు.

1. మొదటి వారం: మార్చలేనివి

మీరు చేరాలనుకునే పోలీసు విభాగం తాజా నోటిఫికేషన్ మొత్తం చదవండి. పాతది చాలదు, నిబంధనలు మారుతుంటాయి. వయసు ఏ తేదీ నాటికి లెక్కిస్తారు, ఎత్తు ఎంత కావాలి, ఏ చదువు చెల్లుతుంది, చూపు ఎంత ఉండాలి, వినికిడి ఎలా పరీక్షిస్తారు అన్నవి ఒక కాగితం మీద రాసి, ఎదురుగా మీ సంగతి రాయండి.

రంగుల చూపు పరీక్ష వెంటనే చేయించుకోండి. రంగురంగుల చుక్కల మధ్య దాగిన అంకెను చదవమనే ఇషిహారా పరీక్ష అది. పుట్టుకతో వచ్చిన రంగుల లోపం చికిత్సతో పోదు. ఆ లోపం ఉన్న మగవాళ్లలో చాలామందికి పరీక్ష చేసేదాకా ఆ సంగతే తెలియదు. ఫోన్ తెర రంగులను మార్చి చూపిస్తుంది కాబట్టి అందులో చూసుకున్న ఫలితాన్ని నమ్మకండి, కంటి డాక్టరు దగ్గరికే వెళ్లండి. కళ్లద్దాలు పోతాయని లేజర్ ఆపరేషన్ చేయించుకునే ముందు నిబంధన చూడండి. కొన్ని విభాగాలు దాన్ని ఒప్పుకోవు, కొన్ని ఆపరేషన్ తరవాత కొన్ని నెలలు ఆగమంటాయి.

గతం గురించిన ప్రశ్నలను అక్షరం అక్షరం చదవండి. ‘అరెస్టయ్యారా’, ‘మీ మీద కేసు నమోదైందా’, ‘శిక్ష పడిందా’ అన్నవి మూడు వేరు వేరు ప్రశ్నలు. కొట్టేసిన కేసు అయినా రెండో ప్రశ్నకి జవాబు ‘అవును’ అనే. చిన్న పాత గొడవ చెప్పినందుకు ఆగిపోయేవాళ్లకంటే, దాచినందుకు ఆగిపోయేవాళ్ల పరిస్థితి చాలా కష్టం. దాచడం వాళ్ల నిజాయితీ మీద మచ్చగా మిగిలిపోతుంది, తరవాతి దరఖాస్తుల్లో కూడా వెంటాడుతుంది.

ఈ వారంలో ఏదైనా ఒక్కటి దాటలేనిదని తేలితే అక్కడే ఆగండి. పోలీసు శాఖల్లో యూనిఫాం లేని ఉద్యోగాలు చాలా ఉంటాయి: కంట్రోల్ రూమ్, సైబర్ నేరాల సాంకేతిక పరీక్ష, లెక్కల మోసాల విశ్లేషణ, నేరాల డేటా, ఫోరెన్సిక్ ల్యాబ్. మిమ్మల్ని లాగుతున్నది వీధిలో పనా, దర్యాప్తా అన్నది ఇక్కడే ఒకసారి ఆలోచించండి. దర్యాప్తే అయితే, ఆఫీసులో మీరు నేర్చుకున్న నైపుణ్యం ఈ ఉద్యోగాల్లో మొదటి రోజు నుంచే పనికొస్తుంది. యూనిఫాంతో చేరితే మాత్రం చాలాచోట్ల దర్యాప్తు దాకా వెళ్లే ముందు గస్తీ, బందోబస్తు, స్టేషన్ డ్యూటీల్లో కొన్నేళ్లు గడపాలి.

2. రెండు వారాల డైరీ

ఇప్పటి ఉద్యోగంలో ఏ రోజు దేనికి విసుగొచ్చిందో సాయంత్రం రెండు వాక్యాల్లో రాయండి. పద్నాలుగు రోజులయ్యాక ఒక్కొక్కదాని పక్కన గుర్తు పెట్టండి: ఇది ఈ ఆఫీసు వల్లా, ఈ రకం పని వల్లా, కదలకుండా కూర్చోవడం వల్లా?

ఎక్కువ గుర్తులు మొదటిదానికే పడితే మీకు కావలసింది వేరే ఆఫీసు. పైఅధికారి మాట పడలేకపోవడమే అసలు బాధ అయితే మరీ జాగ్రత్త. పోలీసు శాఖలో పై నుంచి కిందికి హోదాల వరస చాలా గట్టిగా ఉంటుంది, ఇచ్చిన ఆదేశం మీద అప్పటికప్పుడు వాదన కుదరదు. కూర్చోవడం వల్ల వచ్చిన విసుగుకి రోజూ గంట వ్యాయామం చాలవచ్చు, ఆ సంగతి ఆరో మెట్టులో ఎలాగూ తేలుతుంది. చేసే పనికి ఫలితం కనిపించడం లేదని, మనుషులకు నేరుగా ఉపయోగపడాలని పదేపదే రాసి ఉంటే ముందుకు వెళ్లడానికి అది మంచి కారణం.

3. ముగ్గురితో మాట్లాడండి

రెండేళ్ల సర్వీసు ఉన్నవాళ్లు ఒకరు, పదేళ్లు దాటినవాళ్లు ఒకరు, మానేసినవాళ్లు ఒకరు. మూడో మనిషి దొరకడం కష్టం, కానీ అతి విలువైన మాటలు అక్కడే వస్తాయి. ‘ఉద్యోగం ఎలా ఉంది’ అని అడిగితే పొడి మాటలే వస్తాయి. ఇలా అడగండి: పోయిన వారం ఏ రోజు ఎన్నింటికి డ్యూటీకి వెళ్లారు, ఎన్నింటికి ఇంటికొచ్చారు? అనుకున్న సెలవు చివరిసారి ఎప్పుడు రద్దయింది? నిన్న ఎన్ని గంటలు రాతకి పోయాయి? కోర్టుకి వెళ్లి సాక్ష్యం చెప్పకుండా తిరిగొచ్చిన రోజులు ఈ ఏడాది ఎన్ని?

అవకాశం ఉన్నచోట కళ్లారా చూడండి. అమెరికాలో చాలా పోలీసు విభాగాలు పౌరులను గస్తీ కారులో కూర్చోబెట్టుకుని ఒక షిఫ్టు తిప్పుతాయి. బ్రిటన్‌లో స్పెషల్ కానిస్టేబుళ్లు తమ ఉద్యోగం మానకుండానే జీతం లేని పోలీసులుగా పనిచేస్తారు, వాళ్లకి పూర్తి పోలీసు అధికారాలు ఉంటాయి. మీ దగ్గర ఇలాంటి ఏర్పాటు ఉందేమో కనుక్కోండి. ఒక్క షిఫ్టు చూసి నిర్ణయించకండి. ఒక శుక్రవారం రాత్రి, ఒక మంగళవారం పగలు రెండూ చూడండి. మంగళవారం పగలు బోరు కొట్టిందంటే అది ముఖ్యమైన సమాచారం, ఎందుకంటే అలాంటి రోజులే ఎక్కువ.

4. నాలుగు రాత్రుల పరీక్ష

పగటి ఉద్యోగం నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అందుకని ఇది బాగా చేయండి. మూర్ఛ, మధుమేహం, మానసిక ఆరోగ్యానికి మందులు వాడుతున్నవాళ్లు డాక్టరుని అడగకుండా ఈ ప్రయోగం పెట్టుకోకండి.

ఏడు రోజులు సెలవు పెట్టి అందులో వరసగా నాలుగు రాత్రులు, 10 గంటల నుంచి తెల్లవారి 6 దాకా మేలుకోండి. సినిమా చూస్తూ గడిపితే లెక్కలోకి రాదు. ప్రతి రెండు గంటలకీ ఇరవై నిమిషాలు బయటో మెట్ల మీదో నడవండి. ఒంటి గంటకి ఒక పేజీ చేత్తో రాయండి. మూడింటికి ఈ పని చేయండి: ఇరవై వాహనాల నంబర్లు ఉన్న జాబితాను చూసి మరో కాగితం మీదకి ఎక్కించండి, తరవాత సరిచూసుకుని తప్పులు లెక్కపెట్టండి. ఇదే పని ముందే ఒక రోజు మధ్యాహ్నం చేసి ఆ తప్పుల సంఖ్య రాసి పెట్టుకోండి. రెండింటికీ తేడా ఎంతో చూస్తే, అలసిన బుర్ర ఏం చేస్తుందో మీకే అర్థమవుతుంది.

ఉదయం ఏడున్నరకి పడుకోండి. కిటికీలు పూర్తిగా చీకటి చేయాలి, ఫోన్ వేరే గదిలో ఉండాలి. కాఫీ, టీ పడుకోవడానికి ఆరు గంటల ముందే ఆపాలి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఎన్ని గంటలు నిద్రపట్టిందో రోజూ రాయండి.

మొదటి రాత్రి ఉత్సాహంలో గడిచిపోతుంది, దాన్ని నమ్మకండి. చాలామంది ఒక్క రాత్రి చేసి ‘నాకేం కాదు’ అనుకుంటారు. అసలు సంగతి మూడో రాత్రి తెలుస్తుంది. చీకటి గదిలో కూడా నాలుగైదు గంటలకి మించి నిద్ర పట్టకపోవడం, ఐదో రోజుకి ఇంట్లోవాళ్ల మీద అకారణంగా అరవడం, కడుపు గడబిడ చేయడం ఆగి చూడమనే సంకేతాలు. నెల తరవాత మరోసారి చేయండి. నిద్ర గంటలు పెరిగితే మీ ఒళ్లు అలవాటు పడగలదనుకోవచ్చు.

ఈ పరీక్ష జరిగే రోజుల్లో బండి నడపకండి. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చేతికీ కంటికీ మధ్య పొందిక, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో వచ్చిన పరిశోధన చూపించింది. దీర్ఘకాలపు సంగతి కూడా తెలుసుకునే చేరాలి: ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనూ మళ్లీ 2019లోనూ రాత్రి షిఫ్టు పనిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో పెట్టింది. మీరు చేరబోయే చోట షిఫ్టులు ఎలా తిరుగుతాయో అడగండి. పగలు, తరవాత సాయంత్రం, తరవాత రాత్రి అన్న వరసలో తిరిగితే ఒంటికి కాస్త తేలిక. వెనక్కి తిరిగితే కష్టం, ఎందుకంటే మన లోపలి గడియారానికి నిద్ర వేళను ముందుకు జరపడం కంటే ఆలస్యం చేయడమే సులువు.

5. చెడ్డ గంటలో ఉన్న మనుషులతో నలభై గంటలు

ఆసుపత్రి అత్యవసర విభాగంలో సహాయకుడిగా, సంక్షోభ హెల్ప్‌లైన్‌లో, నిరాశ్రయుల రాత్రి శిబిరంలో, ఎక్కడ అవకాశం దొరికితే అక్కడ వాలంటీరుగా వారాంతాల్లో నలభై గంటలు పూర్తి చేయండి. తాగి ఉన్నవాళ్లు, ఏడుస్తున్నవాళ్లు, అబద్ధం చెబుతున్నవాళ్లు, కారణం లేకుండా మిమ్మల్ని తిట్టేవాళ్లు, అందరూ అక్కడికే వస్తారు.

ప్రతిసారీ ఇంటికొచ్చి మూడు విషయాలు రాయండి. తిట్టినప్పుడు నా గొంతు లేచిందా? రెండో రోజుకి కూడా ఆ మాటే తలలో తిరుగుతోందా? పదో మనిషి దగ్గరికొచ్చేసరికి కూడా నేను వినగలిగానా? మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. కోపం అదుపు చేసుకోవడం శిక్షణలో నేర్పిస్తారు. వినే ఓపిక ముందే కొంత ఉంటేనే శిక్షణ దాన్ని పెంచగలదు.

బలప్రయోగం గురించి కూడా నిజాయితీగా ఆలోచించండి. పిల్లలు చూస్తుండగా తండ్రి చేతులకి బేడీలు వేయవలసి రావచ్చు. మీకు నచ్చని చట్టాన్నీ అమలు చేయవలసి రావచ్చు. అవసరమైనంత మేరకే బలం వాడి, అక్కడితో ఆగి, ఎందుకు వాడారో రాతపూర్వకంగా జవాబు చెప్పుకోవాలి. ‘నేను చేయగలను, కానీ అందులో నాకు ఇష్టం లేదు’ అనిపిస్తే ఆందోళన పడనక్కర్లేదు. బలం చూపించే అవకాశమే మిమ్మల్ని లాగుతున్నట్టయితే దయచేసి ఈ ఉద్యోగానికి వెళ్లకండి.

ఈ వారాల్లోనే రిపోర్టు రాసే సాధన కూడా పెట్టుకోండి. రద్దీ కూడలి వీడియో ఏదైనా రెండు నిమిషాలు ఒక్కసారే చూసి, మళ్లీ చూడకుండా ఒక పేజీ రాయండి. చూసింది, విన్నది, ఊహించింది వేరు చేసి రాయాలి. ‘తాగిన మనిషి రోడ్డు దాటాడు’ అని రాస్తే అది ఊహ. ‘నీలం చొక్కా మనిషి రెండుసార్లు తూలి, ఎడమ నుంచి కుడికి దాటాడు’ అంటే చూసిన సంగతి. మర్నాడు వీడియోతో సరిచూడండి. కోర్టులో ఎదుటి పక్షం లాయరు మొదట చేయిపెట్టేది ఈ తేడా మీదే. పదిసార్లు చేసినా ఇది మీకు పరమ విసుగ్గానే ఉంటే, ఉద్యోగంలో సగం రోజు విసుగ్గానే ఉంటుంది.

6. పదహారు వారాల్లో ఒళ్లు సిద్ధం చేయడం

ప్రమాణాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో చేరేవాళ్లు 15 మీటర్ల గీతల మధ్య బీప్ శబ్దానికి అటూ ఇటూ పరిగెత్తి 5.4 స్థాయి (అయిదో స్థాయిలో నాలుగో పరుగు) అందుకోవాలి. మొత్తం దూరం అర కిలోమీటరు పైచిలుకే అయినా, ప్రతి 15 మీటర్లకీ ఆగి వెనక్కి తిరగడంలో తొడలు అలిసిపోతాయి. చాలాచోట్ల 2.4 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. దాన్ని 12 నిమిషాల్లో ముగించాలంటే 400 మీటర్ల ట్రాక్ మీద ఆరు రౌండ్లు, రౌండుకి సరిగ్గా రెండు నిమిషాలు. మీ నోటిఫికేషన్‌లో ఉన్న దూరాన్ని ఇలాగే రౌండ్లుగా విడగొట్టుకోండి.

మొదటి నాలుగు వారాలు వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున: నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. అయిదు నుంచి ఎనిమిదో వారం వరకు నడక తగ్గిస్తూ ఇరవై నిమిషాలు ఆగకుండా పరిగెత్తే స్థితికి రండి. తొమ్మిదో వారం నుంచి వారానికి ఒక రోజు 400 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో తొంభై సెకన్ల విరామం. ప్రతి రెండు వారాలకీ ఒక రౌండు పెంచుతూ ఆరు దాకా వెళ్లండి. చివరి రెండు వారాల్లో దూరం తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇవ్వండి.

ఆఫీసు ఒళ్లు ఎక్కువగా దెబ్బతినేది మోకాలి కింద, ముందువైపు ఎముక దగ్గర. గుండె, ఊపిరి మూడు వారాల్లోనే మెరుగవుతాయి కాబట్టి ఉత్సాహం వచ్చి దూరం ఒక్కసారిగా పెంచేస్తారు. ఎముకలూ, కండరాలను వాటికి కలిపే స్నాయువులూ అంత వేగంగా గట్టిపడవు. ఆ ముందువైపు ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట సూదిలా గుచ్చితే పరుగు ఆపి డాక్టరుకి చూపించండి, అది పగులు కూడా కావచ్చు.

పుషప్‌లకి ఒక సులువైన లెక్క ఉంది. ఆగకుండా ఎన్ని చేయగలరో చూడండి, అందులో సగం చొప్పున నాలుగు విడతలు, వారానికి మూడు రోజులు చేయండి. రెండు వారాలకోసారి మళ్లీ కొలవండి. ఒక్కటీ రాకపోతే బల్ల అంచు మీద చేతులు పెట్టి మొదలుపెట్టండి. పోలీసు బెల్టు, రక్షణ కవచం కలిపి పది కిలోల దాకా బరువు ఉండవచ్చు, కాబట్టి తొమ్మిదో వారం నుంచి వీపు సంచిలో నాలుగు కిలోలు వేసుకుని మెట్లు ఎక్కడం అలవాటు చేసుకోండి. బరువుతో పరిగెత్తకండి.

7. డబ్బు లెక్క

గడిచిన ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి నెలకి అసలు ఖర్చెంతో చూడండి, అందాజు వేయకండి. దాన్ని 100 అనుకుందాం. కొత్త ఉద్యోగంలో శిక్షణ కాలంలో చేతికొచ్చేది 80, శిక్షణ 9 నెలలు అనుకుంటే, నెలకి 20 చొప్పున లోటు 180. పాత జీతం ఆగి కొత్తది మొదలవడానికి మధ్య రెండు నెలల ఖాళీకి 200. అనుకోని ఖర్చులకి మూడు నెలల నిధి, 300. మొత్తం 680, అంటే దాదాపు ఏడు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. ఓవర్‌టైమ్, అలవెన్సులు ఈ లెక్కలో కలపకండి. అవి వస్తే సంతోషం, కానీ వాటి మీద ఈఎంఐ నిలబడకూడదు.

మొదటి జీతం ఒక్కటే పోల్చితే లెక్క తప్పుతుంది. ఇప్పటి ఉద్యోగంలో ఐదో ఏడు, పదో ఏడు మీరెక్కడ ఉంటారు, అక్కడ ఎక్కడ ఉంటారు అన్నది చూడండి. పింఛను, ఆరోగ్య బీమా, గాయపడితే వచ్చే పరిహారం కలిపి చూడండి. శిక్షణ మధ్యలో మానేస్తే ఖర్చు తిరిగి కట్టాలన్న బాండు ఉందేమో తప్పకుండా అడగండి.

8. ఇంట్లో మాట

‘నీకు ఇష్టమేనా’ అని అడిగితే ప్రేమ కొద్దీ ‘సరే’ అంటారు. ఆ ‘సరే’ మీద ఆధారపడకండి. సందర్భాలు చెప్పి అడగండి: డ్యూటీ నాలుగు గంటలు సాగితే పాపని ఎవరు తీసుకొస్తారు? వేరే ఊరికి బదిలీ అయితే నీ ఉద్యోగం సంగతేంటి? ఎవరికీ చెప్పకూడని విషయం మోసుకుని ఇంటికొచ్చిన రోజు నేను మాట్లాడకపోతే నీకెలా ఉంటుంది? నాలుగు రాత్రుల పరీక్ష పెట్టుకున్న వారం ఇంట్లోవాళ్లకెలా అనిపించిందో కూడా అప్పుడే అడగండి, వాళ్ల జవాబుకి అనుభవం తోడవుతుంది.

9. రాజీనామా ఎప్పుడు

రాత పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, వైద్య పరీక్ష, గత చరిత్ర విచారణ, ఆ తరవాత నియామక ఉత్తర్వు. వరస చోటుని బట్టి కాస్త మారవచ్చు. ఇల్లు అలకగానే పండగ కాదు, రాత పరీక్ష పాసవగానే రాజీనామా చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఆ తరవాతి నెలల్లోనే. విచారణ నెలల తరబడి ఆగవచ్చు, వైద్య పరీక్షలో రక్తపోటు ఎక్కువని తిరిగి రమ్మనవచ్చు.

ఆగడానికి సాధారణ కారణం కాగితాలే. గత పదేళ్ల చిరునామాలు తేదీలతో, ప్రతి ఉద్యోగం చేరిన, మానిన తేదీలతో ఇప్పుడే రాసిపెట్టుకోండి. సర్టిఫికెట్లలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయేమో చూడండి. పాత కంపెనీల నుంచి రిలీవింగ్ లెటర్లు తెచ్చుకోండి. సోషల్ మీడియాలో పాత పోస్టులు చూసుకోండి, ఇప్పుడు మీరు సమర్థించుకోలేని మాటలు అక్కడ ఉంటే వాటి గురించి అడిగినప్పుడు ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకోండి.

మీ నోటీసు పీరియడ్ మూడు నెలలై, శిక్షణలో చేరడానికి నెలే గడువు ఇస్తే ఏమవుతుందో ముందే తేల్చుకోవాలి. మిగిలిన రోజులకి డబ్బు కట్టి బయటపడే వీలుందా, చేరే తేదీని వాయిదా వేయమని అడగవచ్చా అన్న రెండు ప్రశ్నలకి జవాబు రాతలో ఉండాలి. నియామక ఉత్తర్వు చేతికొచ్చి, అందులో చేరే తేదీ స్పష్టంగా ఉన్నప్పుడే రాజీనామా ఇవ్వండి. ఆఫీసులో ఎవరికైనా ముందే చెప్పవలసి వస్తే ఒక్కరికే చెప్పండి, అది కూడా విచారణకి వచ్చినవాళ్లు ఆ ఆఫీసుకే ఫోన్ చేస్తారని తెలిసినప్పుడు.